ఇంటి చదువును పూటల్లో కొలవాలి

ఒడిశాలోని పర్లాకిమిడి, కాశీనగరం, గుణుపూర్, రాయగడ, బరంపురం వైపు తెలుగు ఇళ్లలో పిల్లల్ని ఇంట్లోనే చదివించాలనుకునే తల్లిదండ్రులు ముందుగా అడిగేది టైం టేబుల్. పొద్దున ఎన్నింటికి లేపాలి, లెక్కలకెంతసేపు, ఇంగ్లీషుకెంతసేపు? ఈ ప్రశ్న రెండో మెట్టు మీదది. పందిరి వేసేవాళ్లు ముందు రాటలు పాతి ఆ తరువాతే ఆకు పరుస్తారు. ఇంటి చదువుకూ రెండు రాటలున్నాయి. పిల్లవాడు పదో తరగతి పరీక్ష ఏ బోర్డులో, ఏ భాషలో రాస్తాడన్నది ఒకటి. మీ ఇంట్లో రోజూ కదలకుండా ఉండే పనులేవన్నది రెండోది. ఈ రెండూ తేలితే టైం టేబుల్ ఒక సాయంత్రం పని. తేలకపోతే ఎంత అందంగా గీసి గోడకు అంటించినా మూడు వారాలకు మించి నిలవదు.

చట్టం సంగతి ముందే చెప్పుకోవాలి. 2009లో వచ్చి 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు ఉచిత, నిర్బంధ విద్యను హక్కుగా ఇచ్చింది. అందులోని పదో సెక్షన్ పిల్లల్ని దగ్గరి బడిలో చేర్పించడం తల్లిదండ్రుల బాధ్యత అంటుంది. ఆ బాధ్యత నెరవేర్చని తల్లిదండ్రులకు శిక్ష మాత్రం రాయలేదు. ఇంటి చదువు ఒప్పని గానీ తప్పని గానీ చట్టంలో మాట లేదు. అందుకే బడి బయట పిల్లల సర్వేకు ఎవరైనా వస్తే, పిల్లవాడు నిజంగా చదువుతున్నాడని చూపించే నోటుబుక్కు మీ దగ్గరుండాలి. దాని గురించి కింద చెబుతాం.

ఇంకో మాట మొహమాటం లేకుండా చెప్పాలి. రోజుకు కనీసం రెండు గంటలు పిల్లవాడి పక్కన కూర్చోగల పెద్ద మనిషి ఇంట్లో లేకపోతే బడి మాన్పించకండి. సర్కారు బడిలో మధ్యాహ్న భోజనం, పుస్తకాలు, యూనిఫాం, తోటి పిల్లలు ఉన్నారు. ఆడపిల్ల విషయంలో మరీ జాగ్రత్త: ఇంటి చదువు పేరుతో ఆమె ఇంటి పనిలోకి జారిపోవడం చాలా సులువు. అలాంటి ఇళ్లకు బడి తరువాత రోజుకో గంట తెలుగు చదువు మంచి దారి. ఒడియా మీడియంలో చదువుతూ తెలుగు మాట్లాడటం వచ్చి చదవడం రాని పిల్లలకు అదే అసలు అవసరం కూడా. కింది పద్ధతి వాళ్లకూ పనికొస్తుంది, పూటలు తగ్గించుకుంటే చాలు.

మొదటి రాట: ఏ పరీక్ష, ఏ భాష

ఇంట్లో చదివే పిల్లలకు ఎక్కువగా అనువుగా ఉండేది ఎన్‌ఐఓఎస్, అంటే జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ. 1989లో నేషనల్ ఓపెన్ స్కూల్‌గా మొదలైంది. 14 ఏళ్లలోపు పిల్లలకు అందులో ప్రాథమిక విద్య మూడు స్థాయిల్లో ఉంటుంది: ‘ఎ’ మూడో తరగతికి, ‘బి’ ఐదుకు, ‘సి’ ఎనిమిదికి సమానం. పదో తరగతికి 14 ఏళ్లు నిండాలి. ఐదు సబ్జెక్టులు పాసవ్వాలి, వాటిలో కనీసం ఒకటి భాష. అదనంగా మరో రెండు సబ్జెక్టుల దాకా కలుపుకోవచ్చు. పాస్ మార్కులు 33 శాతం. పరీక్షలు ఏడాదికి రెండుసార్లు, ఏప్రిల్-మే లోనూ అక్టోబర్-నవంబర్ లోనూ జరుగుతాయి. ఒకసారి చేరితే ఐదేళ్లలో తొమ్మిది అవకాశాలుంటాయి కాబట్టి సబ్జెక్టులను విడదీసుకుని రాయొచ్చు. తెలుగు, ఒడియా, ఇంగ్లీషు మాధ్యమాలు మూడూ ఉన్నాయి.

ఈ సడలింపులోనే ఓ గుంట ఉంది. లెక్కలు లేకుండా కూడా ఐదు సబ్జెక్టులు పూర్తి చేయొచ్చు. అప్పుడు సర్టిఫికెట్ వస్తుంది గానీ పాలిటెక్నిక్ లాంటి చోట్ల తలుపు మూసుకుంటుంది. పిల్లవాడు లెక్కలంటే భయపడుతున్నాడని పదమూడో ఏట వదిలేస్తే పదహారో ఏట మళ్లీ తెరిపించడం కష్టం.

సరిహద్దు ఇళ్లకు మాత్రమే ఉన్న చిక్కు ఇంకొకటి. ఒడిశా ప్రభుత్వ ఉద్యోగాల నోటిఫికేషన్లలో సాధారణంగా ఒడియా షరతు ఉంటుంది: ఏడో తరగతి గానీ ఆపైన గానీ ఒడియాను భాషా సబ్జెక్టుగా పాసై ఉండటమో, మెట్రిక్‌లో భాషేతర సబ్జెక్టును ఒడియా మాధ్యమంలో రాసి ఉండటమో, లేదా ఆ స్థాయి ఒడియా పరీక్ష విడిగా పాసవ్వడమో. అటు ఆంధ్రలో లోకల్ అభ్యర్థి అనిపించుకోవాలంటే రాజ్యాంగంలోని 371-డి అధికరణ కింద వచ్చిన ఉత్తర్వుల ప్రకారం అక్కడ వరుసగా నాలుగేళ్ల చదువో నివాసమో చూపాలి. పర్లాకిమిడిలో ఇల్లుండి, వాగు దాటితే ఆంధ్రలోని పాతపట్నమే కదా అనుకుంటే కుదరదు. మా అభిప్రాయం సూటిగా చెబుతున్నాం: ఇక్కడే ఉండబోయే కుటుంబమైతే పిల్లవాడి సబ్జెక్టుల్లో ఒడియా తప్పనిసరిగా ఉండాలి. ఈ నిర్ణయం పదకొండు, పన్నెండేళ్లకే జరగాలి, ఎందుకంటే ఒక లిపిలో పరీక్ష రాసేంత చేయి తిరగడానికి రెండేళ్లు పడుతుంది.

రెండో రాట: ఇంట్లో కదలని పనులు

ఒక వారం పాటు ఏమీ మార్చకుండా ఇల్లు ఎలా నడుస్తుందో రాసుకోండి. కుళాయి నీళ్లు ఎప్పుడొస్తాయి, కొట్టు ఎప్పుడు తెరుస్తారు, వంట ఎన్నింటికి అవుతుంది, కరెంటు ఏ వేళ పోతుంది, నాన్నమ్మ ఎప్పుడు తీరిగ్గా ఉంటుంది, చిన్నవాడు ఎప్పుడు నిద్రపోతాడు. రోజూ దాదాపు అదే వేళకు జరిగేవి నాలుగో ఐదో తేలతాయి. పాఠాన్ని గడియారానికి కట్టకుండా వీటికి కట్టాలి. ‘ఏడున్నరకు లెక్కలు’ అని రాస్తే ఎనిమిదైన రోజు పాఠం పోయినట్టే. ‘నీళ్లు పట్టాక లెక్కలు’ అని రాస్తే నీళ్లు ఎప్పుడొచ్చినా పాఠం నిలుస్తుంది.

ఇప్పుడు కొలత. విద్యాహక్కు చట్టం ఒకటి నుంచి ఐదు తరగతులకు ఏడాదికి 200 పనిదినాలు, 800 బోధన గంటలు పెట్టింది. ఆరు నుంచి ఎనిమిదికి 220 రోజులు, 1000 గంటలు. అదే చట్టం ప్రాథమిక తరగతుల్లో 30 మంది పిల్లలకు ఒక ఉపాధ్యాయుడు అంటుంది. ఆ 800 గంటల్లో హాజరు, బోర్డు మీది రాత ఎక్కించుకోవడం, తన వంతు కోసం ఎదురుచూడటం అన్నీ కలిసి ఉంటాయి. ఇంట్లో ఒకరికి ఒకరు కూర్చుంటే అందులో సగం సరిపోతుంది. అందుకే గంటల బదులు పూట అనే మన పాత కొలతే నయం. రోజుకు రెండు పూటలు, వారానికి పద్నాలుగు. వాటిలో తొమ్మిది పూటలు చదువుకు వాడితే చాలు. ఏ తొమ్మిది అన్నది ఆ వారమే చెబుతుంది.

పూట ఎంతసేపన్నది వయసును బట్టి. ఆరేడేళ్లకు నలభై నిమిషాలు. ఎనిమిది నుంచి పదేళ్లకు గంటంబావు. పదకొండు నుంచి పదమూడుకు గంటన్నర. పరీక్ష ఏళ్లలో రెండు గంటలు. తొమ్మిదేళ్ల పిల్లకు వారానికి తొమ్మిది గంటంబావులు, ఏడాదికి 40 వారాలు వేసుకుంటే 450 గంటలు. మిగిలిన 12 వారాలు పండగలకు, పెళ్లిళ్లకు, జ్వరాలకు, వానకు వదిలేయాలి. ఈ వదిలేయడం ముందే లెక్కలో లేకపోతే రథయాత్ర నుంచి తిరిగొచ్చిన రోజే ‘వెనకబడిపోయాం’ అన్న దిగులు మొదలవుతుంది.

పూట లోపలి వరుస మాత్రం మారకూడదు. సడలింపంతా ఎప్పుడన్నదానిలో ఉండాలి, ఏది ముందన్నదానిలో ఉండకూడదు. గంటంబావు పూట అయితే: మొదట లెక్కలు 20 నిమిషాలు, తరువాత బయటికి చదవడం 15, తరువాత రాత 15. చివరి 25 నిమిషాలు ఆ రోజు విషయం: సైన్సో, సోషలో, బొమ్మో, కొలతో. లెక్కలు ముందెందుకంటే తలకు ఎక్కువ పని అదే, చివరికి పెడితే రోజూ మాయమయ్యేదీ అదే. పిల్లవాడు ‘తరువాతేంటి’ అని అడగనవసరం లేనప్పుడు బేరాలాడటం దానంతటదే తగ్గుతుంది.

కిరాణా కొట్టున్న ఇంటిని తీసుకోండి. పొద్దున ఏడు నుంచి పన్నెండు దాకా బేరాలు, ఒంటిగంట నుంచి నాలుగు దాకా ఖాళీ. ఇక్కడ పెద్ద పూట మధ్యాహ్నం రెండింటికి, కొట్టు వెనక గదిలో. పొద్దున పూటను లెక్కలో వేసుకోకుండా, పిల్లవాడికి చిల్లర లెక్క, తూకం, ఒక ఒడియా బోర్డు చదవడం ఇవ్వండి. బట్టలు కుట్టే అమ్మ ఉన్న ఇంట్లో పెళ్లిళ్ల నెలల్లో పూటలు ఆరుకు దిగుతాయి. ఆషాఢంలో పదకొండుకు పెరుగుతాయి. నెలలో పది రోజులు లారీ మీద వెళ్లే తండ్రి ఉన్న ఇంట్లో వారం లెక్క పనికిరాదు, నెల లెక్క పెట్టాలి: మొత్తం 36 పూటలు, ఆయన లేనప్పుడు 8, ఉన్న ఇరవై రోజుల్లో 28. లెక్కలు చెప్పేది ఆయనే అయితే కొత్త పాఠమంతా ఆ ఇరవై రోజుల్లోనే రావాలి, లేని పది రోజులు పాత లెక్కల సాధనకు.

ఋతువుల్ని కూడా లెక్కలోకి తీసుకోండి. ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఇక్కడి ఎండకు మధ్యాహ్నం పూట పనిచేయదు. ఒడిశాలో బడులకే ఎండాకాలం పొద్దుటి పూటకు మారుస్తారు, మీరూ ఆరింటికే మొదలుపెట్టండి. అక్టోబర్ తుపానుల నెల. 2013 అక్టోబర్ 12న ఫైలిన్ గోపాలపూర్ దగ్గర, 2018 అక్టోబర్ 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటాయి. తిత్లీకి గజపతి జిల్లా బాగా దెబ్బతింది. చదువంతా ఫోను మీదే ఉన్న ఇంట్లో కరెంటు పోయిందంటే చదువు పోయినట్టే. ఏ నెలకానెల కావాల్సిన పాఠాలు కాగితం మీద ఉండాలి. ఎన్‌ఐఓఎస్ పరీక్షకు కూడా ఏప్రిల్ విడతను ముఖ్యమైనదిగా పెట్టుకుని, అక్టోబర్ విడతను మిగిలిన సబ్జెక్టులకు ఉంచుకోవడం ఈ ప్రాంతానికి తగిన పని.

మూడు లిపుల ముడి

ఇంటి చదువులో ఎక్కువ ఇళ్లు తడబడేది ఇక్కడే. తెలుగు, ఒడియా, ఇంగ్లీషు మూడూ ఒకేసారి మొదలుపెట్టి ఏదీ కుదురుకోక, పిల్లవాడు మందకొడి అనుకుంటారు. తప్పు పిల్లవాడిది కాదు. ఒక లిపిలో తడుముకోకుండా చదవగలిగాకే రెండోది రావాలి. చిన్న తరగతుల్లో చదవడం, లెక్కలు గట్టిపరచడానికి కేంద్రం పెట్టిన నిపుణ్ భారత్ పథకం రెండో తరగతికి నిమిషానికి 45 నుంచి 60 పదాలు అని గురి పెట్టింది. తెలుగు పదాలు పొడుగు, విభక్తులూ ప్రత్యయాలూ మాటకు అతుక్కునే ఉంటాయి కాబట్టి ఆ అంకెను తు.చ. తప్పకుండా పట్టుకోకండి. పిల్లవాడు కొత్త పేరాను వేలు పెట్టకుండా, అక్షరం అక్షరం కూడబలుక్కోకుండా చదివి, ఏముందో చెప్పగలిగితే చాలు. అప్పటి నుంచి ఆరు నెలలకు రెండో లిపి.

తెలుగు వచ్చిన పిల్లకు ఒడియా వరస కొత్తేం కాదు. క ఖ గ ఘ అనే వర్గాల వరస రెండింటికీ ఒకటే, మారేది ఆకారం. రోజుకు రెండక్షరాల చొప్పున నేర్పితే హల్లులు నెలలోపే అవుతాయి. చిక్కు రాతలో వస్తుంది. ఒడియాలో అకారం నోట్లో ‘ఒ’లా పలుకుతుంది. పిల్ల చెవికి ఇల్లు ‘ఘొరొ’ అని, పండు ‘ఫొళొ’ అని వినబడతాయి. విన్నది విన్నట్టు రాసే తెలుగు అలవాటుతో ప్రతి అక్షరానికీ ఒత్వం పెట్టేస్తుంది. రాయాల్సింది మాత్రం ఉత్త ‘ఘర’, ‘ఫళ’. దీన్ని ఒక్కొక్క పదంగా దిద్దుతూ కూర్చుంటే ఏళ్లు పడుతుంది. మొదటి వారమే ‘గుర్తు లేని అక్షరం ఒడియాలో గుండ్రంగా పలుకుతుంది’ అని సూత్రంగా చెప్పి, పది పదాలు రెండు వరసల్లో రాయించండి: ఒక పక్క వినబడేది తెలుగు లిపిలో, ఇంకో పక్క రాసేది ఒడియాలో. మన వకారం అక్కడ తరచు బకారం అవుతుంది, లకారం చాలాచోట్ల ళకారం అవుతుంది: విద్యాలయం అక్కడ ‘బిద్యాళయ’. ఈ మూడు సూత్రాలు తెలిస్తే చాలా తప్పులు పోతాయి.

అంకెల పేర్లలో ఇంకో ఉచ్చుంది. తెలుగులో ఇరవై ఐదు అంటే పదులు ముందు, ఒకట్లు తరువాత, రాసే వరసలోనే. ఒడియా ‘పచిశ’లో ఐదు భాగం ముందొస్తుంది, ‘బాఉన’లో రెండు ముందొస్తుంది. పిల్ల విన్న వరసలో రాసి 25ను 52 చేస్తుంది. అందుకే లెక్కల భావాలు, ఎక్కాలు ఒకే భాషలో, ఇంట్లో మాట్లాడే భాషలో గట్టిపడాలి. ఒడియా అంకెల పేర్లను లెక్కల పూటలో కాకుండా భాష పూటలో, పాటలా నేర్పండి.

ఇక ఇంటి తెలుగు. ఇక్కడి పిల్లలు ‘ఏటి’ అంటారు, పుస్తకం ‘ఏమిటి’ అంటుంది. మాట్లాడేటప్పుడు దిద్దకండి. దిద్దితే పిల్ల మాట్లాడటం తగ్గిస్తుంది, మాట తగ్గితే రాతకు సరుకుండదు. పిల్లలు మాట్లాడే భాషలోనే చదువు మొదలవ్వాలని పోరాడిన గిడుగు రామమూర్తి పంతులు పాఠాలు చెప్పింది ఈ పర్లాకిమిడిలోనే. తెలుగుకే పరిమితం కాకుండా సవర గిరిజన పిల్లల కోసం సవర భాషలో పుస్తకాలు తయారుచేశారు. ఆ ఊళ్లోనే మనం పిల్ల నోరు నొక్కేయడం బాగుండదు. నాన్నమ్మ చెప్పిన కథను పిల్ల తన మాటల్లో, తన యాసలోనే రాయనివ్వండి. పుస్తక భాష చదవడంలోంచి మెల్లగా వస్తుంది.

పుస్తకాలకు ఖర్చు పెట్టనవసరం లేదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పాఠ్యపుస్తకాలు ఒక పేజీ ఇంగ్లీషులో, ఎదుటి పేజీ తెలుగులో ఉంటాయి. కేంద్ర ప్రభుత్వ దీక్షా యాప్‌లో తెలుగు, ఒడియా పాఠాలు ఉచితంగా దొరుకుతాయి. సిగ్నల్ బాగున్న రాత్రి దించుకుని, నెలకు సరిపడా పేజీలు జిరాక్సు తీయించుకుని దారంతో కుట్టేయండి.

ఊరు కూడా పుస్తకమే. ఒక పూట ఇలా గడపొచ్చు. నౌపడ నుంచి పర్లాకిమిడికి 1900లో వచ్చిన రాజావారి చిన్న రైలు పట్టాల మధ్య దూరం 762 మిల్లీమీటర్లు. ఇప్పటి బ్రాడ్ గేజ్ 1676. అరుగు మీద సుద్దముక్కతో రెండూ కొలిచి గీయించండి. తేడా ఎంత? 914. ఎన్ని రెట్లు? రెండుకు పైన కొంచెం. తాతగారు ఆ రైలెక్కి ఉంటే అడిగి ఐదు వాక్యాలు రాయించండి. కొలత, తీసివేత, చరిత్ర, రాత, నాలుగూ ఒక్క పూటలో అయిపోయాయి.

ఎక్కడ తెగుతుంది

తప్పిన పాఠాన్ని మర్నాటి మీద వేయడం మొదటి తప్పు. రెండు రోజులు తప్పితే మూడో రోజుకు మూడు రోజుల బరువు. అప్పటికి తల్లీ బిడ్డా ఇద్దరూ దాన్నుంచి తప్పించుకోవాలని చూస్తారు. ఆగిన పేజీ దగ్గర మొదలుపెట్టండి, అంతే. తొమ్మిది పూటల లెక్కలో ఐదు పూటల ఖాళీ ఉంచింది అందుకే. వరసగా మూడు వారాలు ఆరు పూటలు దాటకపోతే మాత్రం పిల్లను తిట్టకండి, రాటల్ని చూడండి. ఏదో ఒక పని వేళ మారి ఉంటుంది.

రెండోది, మొత్తం భారం అమ్మ మీదే పడటం. వారంలో తొమ్మిది పూటలుంటే కనీసం రెండు ఇంకొకరివి కావాలి. నాన్న రాత్రి భోజనాలయ్యాక ఇరవై నిమిషాలు చదివించినా అది ఒక భాగమే. పెద్ద పిల్లను చిన్నవాడికి మాస్టారును చేయడం మాత్రం వద్దు. వాడికి బొమ్మల పుస్తకం చదివి వినిపించడం వరకు సరే.

ఇద్దరు పిల్లలున్నచోట ఒకరికి కొత్త పాఠం చెబుతున్నప్పుడు ఇంకొకరికి రాత పని ఉండేలా వరస మార్చుకోవాలి. తోడు లేకపోవడం నిజమైన లోటే కాబట్టి, సాయంత్రం ఆటను చదువు తప్పినందుకు శిక్షగా ఎప్పుడూ కోసేయకండి.

ఇక నోటుబుక్కు. 200 పేజీల పొడుగు పుస్తకం ఒకటి. పూటకో వరస: తేదీ, ఏ పుస్తకం ఎన్నో పేజీ నుంచి ఎన్నో పేజీ దాకా, ఎక్కడ తడబడింది. వారానికి ఒక రాత కాగితం తేదీ వేసి ఫైల్లో పెట్టండి. మధ్యలో మనసు మారి బడికి పంపాలనుకుంటే, వయసుకు తగిన తరగతిలో చేరే హక్కు నాలుగో సెక్షన్ ఇస్తుంది. ఏ తరగతిలో కూర్చోబెట్టాలన్న మాట వచ్చినప్పుడు ఈ ఫైలే మాట్లాడుతుంది. బడి మాన్పించిన పిల్లైతే టీసీ, జనన ధ్రువపత్రం, ఆధార్ మూడింట్లోనూ పేరు, పుట్టిన తేదీ ఒకేలా ఉన్నాయో లేదో ఆ రోజే చూసుకోండి. పేరు తెలుగు నుంచి ఒడియాకు, ఒడియా నుంచి ఇంగ్లీషుకు మారేటప్పుడు వకారం బకారమై కూర్చోవడం ఇక్కడ మామూలే, పరీక్ష ఫారం నింపేటప్పుడు అదే అడ్డం పడుతుంది.

పదమూడు దాటాక ఇంటి పిల్లల్లో బయటపడే లోటు చేతి రాత వేగం. జవాబు నోటితో బాగా చెబుతారు, మూడు గంటలు కూర్చుని రాయలేరు. పరీక్షకు ఏడాది ముందు వారానికోసారి 20 నిమిషాల ఆగని రాతతో మొదలుపెట్టి, రెండు నెలలకోసారి అరగంట పెంచుతూ వెళ్తే సమయానికి మూడు గంటలకు చేరతారు. ఎన్‌ఐఓఎస్‌లో ఇంటి దగ్గర రాసి పంపే అసైన్‌మెంట్లకు కూడా మార్కులున్నాయి. వాటిని ఆఖరి వారానికి మిగల్చకుండా నెలకొకటి చొప్పున పూటల్లోకి ఎక్కించండి. పరీక్షా కేంద్రం మీ ఊళ్లోనే పడుతుందన్న నమ్మకం లేదు. హాల్ టికెట్ వచ్చిన వారంలోనే పిల్లవాణ్ని వెంటబెట్టుకుని, పరీక్ష రోజు ఎక్కాల్సిన బస్సే ఎక్కి, ఒకసారి ఆ గేటు దాకా వెళ్లి రండి.